హారతి వేళ ఆపిన ఇంజను

మూడు వారాల కిందట ఒక మంగళవారం పొద్దున్నే నా ఫోన్ మోగింది. తెర మీద ‘మేస్త్రి గారు’ అని పడింది. ఆయనతో మాట్లాడి రెండేళ్ళు దాటింది. అందుకని ఎత్తుతూనే, “ఏంటి మేస్త్రి గారూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?” అన్నాను, కొంచెం నిష్ఠూరంగా, కొంచెం సరదాగా. అవతల ఆయన గొంతు కాదు. ఆయన భార్య.

“ఆయన లేడమ్మాయిగారూ. పొద్దున టీ తాగి, రిపేరుకొచ్చిన మందు స్ప్రేయరు ముందేసుకుని కూచున్నాడు. కూచున్నోడు కూచున్నట్టే పక్కకి ఒరిగాడు. ఆయన ఫోన్లో ఉన్న పేర్లన్నిటికీ చేస్తన్నా.”

నేనేం మాట్లాడానో గుర్తులేదు. ఫోన్ పెట్టేశాక నాకు ముందు వచ్చింది మాత్రం ఏడుపు కాదు. ‘హమ్మయ్య, ఇంక ఆయనకు చెప్పే పని లేదు’ అన్న ఒక పాడు నిశ్చింత. ఒక్క క్షణమే ఉంది. కానీ ఉంది. అంత మంచి మనిషి పోయాడని తెలిసిన క్షణంలో నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఛీ, ఏం మనిషినని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తిట్టు సరిపోలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

చేతిపని బాగా వచ్చిన పెద్దమనిషిని మా వైపు మేస్త్రి అంటారు. ఈయన ఇంజన్ల మేస్త్రి. గుంటూరు ఆటోనగర్‌లో చిన్న రేకుల షెడ్డు ఉండేది. మాకు ఊరి బయట మిరపకాయల కోల్డ్ స్టోరేజి ఉంది. నాన్న కట్టించాడు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. రైతులు టిక్కీలు తెచ్చి మా దగ్గర నెలల తరబడి దాచుకుంటారు. టిక్కీ అంటే ఎండుమిరపకాయలు కుక్కిన గోనెసంచి. కరెంటు పోయి గదుల్లో చలి తగ్గిందంటే కాయ రంగు మారుతుంది, రైతు కొంప మునుగుతుంది. అందుకని రెండు పెద్ద జనరేటర్లు పెట్టుకున్నాం. ఇరవై ఏళ్ళపాటు వాటి మంచీచెడ్డా చూసింది మేస్త్రి గారే.

ఆయన పని మొదలుపెట్టే తీరు వేరు. ఇంజను దగ్గరికి రాగానే మిగతా మెకానిక్కుల్లా స్పానరు తీసేవారు కాదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వంగి, వాసన చూసేవారు. “ముందు ముక్కు, తర్వాత చెవి, ఆఖర్న స్పానరు” అనేవారు. మిరపకాయల గోడౌన్లో ముక్కుతో పని చెయ్యడమంటే మాటలు కాదు. మా గేటు దాటిన కొత్తవాళ్ళు పది తుమ్ములు తుమ్మందే నోరు విప్పలేరు. ఆయన మాత్రం ఆ ఘాటులో నిలబడి, “బాబుగారూ, రెండో దాంట్లో ఎక్కడో రబ్బరు కాలతంది” అని చెప్పేవారు. చూస్తే నిజంగానే ఒక పైపు మాడుతూ ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం దాటేదాకా ఎంతటివాళ్ళు పిలిచినా రారు. చర్చి అయ్యాక, తెల్లచొక్కా విప్పి మడత పెట్టాకే పని. నాన్నకు అది గిట్టేది కాదు. “ఏమయ్యా మేస్త్రీ, కరెంటుకి ఆదివారం ఉంటదా?” అని కసిరేవాడు. “కరెంటుకి లేదు బాబుగారూ, నాకుంది” అనేవారు మేస్త్రి గారు, ఏ మాత్రం గొంతు పెంచకుండా. మా ఇంట్లో ఆయన్ని ఎవరూ గారు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. నేనూ పిలిచేదాన్ని కాదు, నిజం చెప్పొద్దూ. నేనొక పాత కారు కొన్నాక, ఆయన దగ్గర పని నేర్చుకోవడం మొదలుపెట్టాక, ఒకరోజు నోటికి దానంతటదే వచ్చింది. ఆయన వినీ విననట్టు ఊరుకున్నారు.

ఆ కారు గురించి చెప్పాలి. నేను చెన్నైలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒక పాత షెడ్డులో దాన్ని చూశాను. జపాన్‌లో చేసింది. రెండే తలుపులు, నేలను కరుచుకున్నట్టు ఉంటుంది. ఎవరో విదేశీ ఉద్యోగి తెచ్చుకుని, వెళ్ళిపోతూ వదిలేశాడట. పదేళ్ళు దాన్నే తలుచుకుని, చివరికి కొని, లారీ మీద గుంటూరు తెచ్చాను. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఇద్దరు కూచుంటే నిండిపోయిద్ది, ఒక్క టిక్కీ పట్టదు. దీన్ని కారంటారా?” అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ కారు ఇంజనులో పిస్టన్లు ఉండవు. పైకీ కిందికీ ఆడే వస్తువే లేదు. మూడు మూలలున్న ఇనుప దిమ్మెలు రెండు, రెండు గదుల్లో గుండ్రంగా తిరుగుతాయి, అంతే. నలభై ఏళ్ళు పిస్టన్లతో కాపురం చేసిన మేస్త్రి గారు బానెట్ ఎత్తి చాలాసేపు చూశారు.

“పిస్టన్లు ఏయమ్మా?”

“ఉండవండీ ఇందులో.”

“ఉండకపోవడమేంది? దారిలో ఎవరన్నా కొట్టేశారా?”

నేను సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన గొంతుక్కూర్చుని, ఆ బొమ్మ చుట్టూ వేలితో తిప్పుతూ తిప్పుతూ, చివరికి తొడ మీద చరుచుకుని నవ్వారు. “ఓసి దీని దుంప తెగ! ఇడ్లీ పిండి గ్రైండరమ్మా ఇది. రాయి తిరుగుద్ది, పిండి నలుగుద్ది. దీనికోసం జపాన్ దాకా పోవాలా?” ఆ రోజు నుంచి ఆ కారు పేరు గ్రైండరు.

గ్రైండరుకు ఒకటే జబ్బు. చలికి స్టార్ట్ అయ్యేది కాదు. మా గుంటూరు చలి ఏపాటిదని మీరు నవ్వవచ్చు. డిసెంబరులో తెల్లవారుజామున కాస్త మంచు పడితే మఫ్లర్లు కట్టుకునే జనం మేము. ఆ మాత్రం చలికే అది మొండికేసేది. అదైనా రోజూ కాదు. ఒకరోజు తాళం తిప్పగానే లేచేది, మర్నాడు బ్యాటరీ నీరసించి పోయేదాకా తిప్పినా గుర్రుమనేదే కానీ లేచేది కాదు. మేస్త్రి గారు బ్యాటరీ మార్చారు. నాలుగు ప్లగ్గులూ మార్చారు. కాయిల్సు మార్చారు. నాకు విసుగొచ్చి ఒకరోజు టైరును కాలితో తన్నాను. “లెగవనంటే తన్నమాకమ్మా. ఎందుకు లెగవట్లేదో అడుగు” అన్నారు. ఎలా అడగాలో ఆయనకే తెలుసు. ఆ మొదటి చలికాలం అలాగే గడిచిపోయింది.

జవాబు మే నెలలో దొరికింది. ఎండలకు డాష్‌బోర్డు పగులుతోందని నేను ఒక తెలివైన పని చేశాను. కారును తీసుకెళ్ళి కోల్డ్ స్టోరేజిలో, చాంబర్ల ముందుండే చల్లటి గదిలో పెట్టాను. రెండు రోజుల తర్వాత చూస్తే స్టార్ట్ కాదు. మేస్త్రి గారు చెమటలు కక్కుకుంటూ వచ్చి, లోపలికి అడుగుపెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుని పగలబడి నవ్వారు. “ఊరంతా పెనం మీద అట్టులా మాడతా ఉంటే మీ బండికి చలిజ్వరమా అమ్మా!” నవ్వడం అయ్యాక వంగి వాసన చూశారు. అప్పుడు అడిగారు, “నిన్న దీన్ని కదిపావా?”

కదిపాను. టిక్కీలు దించడానికి అడ్డమొచ్చిందని స్టార్ట్ చేసి, రెండు గజాలు వెనక్కి జరిపి ఆపేశాను.

“అదీ సంగతి. చలికాలంలో లెగవని రోజులన్నీ గుర్తు తెచ్చుకో. ముందు రోజు జరిపి ఆపిన రోజులా కాదా?” అన్నారు. లెక్క వేసుకుంటే ప్రతిసారీ అదే. షెడ్డులోంచి బయటికో, లారీకి దారి ఇవ్వడానికో, కడగడానికో రెండడుగులు జరిపి ఆపేదాన్ని.

“చలిలో లేచేటప్పుడు ఇది పెట్రోలు ఎక్కువ తాగుద్దమ్మా. ఒళ్ళు కాగిందాకా తిరిగితే తాగింది అరిగిపోయిద్ది. రెండడుగులేయించి ఆపావా, తాగిందంతా కడుపులో నిలిచిపోయి, ఉన్న ఆయిలంతా కడిగేస్తది. ఆయిలు లేకపోతే ఆ మూలలకి బిగువుండదు. బిగువు లేకపోతే నువ్వెంత తిప్పినా అంతే. ఒకసారి లేపావంటే పది నిమిషాలు తిరగాల్సిందే. మధ్యలో ఎవరొచ్చి చెప్పినా ఆపమాక.”

మందు కూడా నేర్పించారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దగ్గుమందు సీసా మూత ఉండేది. పెట్రోలు పంపు ఫ్యూజు తీసేసి, నాలుగు ప్లగ్గులూ విప్పి ఆరబెట్టి, ఆ బొక్కల్లోంచి ఒక్కో గదిలోకి ఆ మూతతో మూతెడు ఆయిలు పోసి, యాక్సిలేటరు నేలకంటా తొక్కి తాళం తిప్పాలి. అప్పుడు నిలిచిపోయిన పెట్రోలంతా బయటికి పోతుంది. తర్వాత అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ ఒక మబ్బంత లేచి, బండి లేస్తుంది. మొదటిసారి ఆయన చేశారు, రెండోసారి నాతో చేయించారు. నా గోళ్ళ సందుల్లో నల్లటి మడ్డి చూసి, “ఇప్పుడు మేస్త్రివయ్యావు” అన్నారు. కాలేజీలో వచ్చిన డిస్టింక్షను కన్నా ఆ మాట నాకు ఎక్కువ.

ఆ ఏడాది డిసెంబరుకి గ్రైండరు గడియారంలా పనిచేస్తోంది. ఇన్నాళ్ళూ దాన్ని చీదరించుకున్న నాన్న ఒకరోజు భోజనం దగ్గర, “నీ బండికి పూజ చేయించలేదు గదా. మార్గశిరం, మంచి రోజు చూస్తా. పూజ అవగానే నన్నెక్కించుకుని మంగళగిరి కొండకు తీసుకుపో” అన్నాడు. నాన్న ఆ కారు ఎక్కుతానని అనడమే నాకు పండగ. కాదనడం నా వల్ల అయ్యేదేనా?

ముహూర్తం తెల్లవారుతూనే ఆరుంపావుకి. మేస్త్రి గారు ముందే వచ్చారు. కాస్త ముందుగా లేపి వేడెక్కించి పెడదామంటే పంతులుగారు ఒప్పుకోలేదు. ముహూర్తానికే తాళం తిప్పాలన్నారు. నేను ఎక్కబోతుంటే మేస్త్రి గారు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పారు.

“నిమ్మకాయలు తొక్కించి ఆపుతారు గదా మీరు. ఆపమాకమ్మా. హారతి అయిందాకా తిరగనీ. ఎంత పొగొచ్చినా తిరగనీ.”

“నాకు తెలీదా మేస్త్రి గారూ? ఆపను” అన్నాను.

ఆయన పూజ దగ్గరికి రారు, అలాగని పోనూ పోరు. గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. చుట్టాలు ఇరవై మంది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు. తాళం తిప్పగానే బండి లేచింది. ఒక గజం ముందుకు పోనిచ్చాను, నిమ్మకాయలు చిట్లాయి, అందరూ నవ్వారు. పంతులుగారు హారతి వెలిగించారు. చల్లటి ఇంజను కదా, అరుస్తోంది, పొగ కక్కుతోంది. మా మేనత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. పంతులుగారి పెదాలు కదులుతున్నాయి కానీ ఒక్క ముక్క వినబడటం లేదు.

“ఆపమ్మా! మంత్రం వినబట్టల్లా” అన్నాడు నాన్న.

నేను గేటు వైపు చూశాను. మేస్త్రి గారు తల అడ్డంగా ఊపారు. చాలా చిన్నగా, నాకు మాత్రమే కనబడేలా. నేను చూశాను. చూసి, ఆపేశాను.

‘నాన్నా, ఒక్క పది నిమిషాలు ఆగు’ అంటే అయిపోయేది. అనలేదు. ఇరవై మంది ముందు, హారతి పళ్ళెం ముందు, మొట్టమొదటిసారి నా కారు ముందు నవ్వుతూ నిలబడ్డ నాన్నకు ఎదురు చెప్పలేకపోయాను. ఇది సాకు కాదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

హారతి అయింది. కొబ్బరికాయ కొట్టారు. నాన్న కండువా సర్దుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పాను. గుర్రు. మళ్ళీ తిప్పాను. గుర్రు గుర్రు. బ్యాటరీ సన్నగిల్లేదాకా తిప్పాను. ఆ ఇరుకు సీట్లోంచి నాన్న కష్టపడి దిగాడు. నవ్వులు ఆగిపోయాయి.

“ఏం చేశావురా మేస్త్రీ బండిని?” అని గేటు వైపు అరిచాడు.

మేస్త్రి గారు నా వైపు చూశారు. కోపంగా కాదు. చెబుతావా, అన్నట్టు చూశారు, అంతే. నేను తల వంచుకుని తాళంచెవి వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన “చూస్తానండీ బాబుగారూ” అని సంచిలోంచి ప్లగ్గు స్పానరు తీశారు.

“ముట్టుకోమాక” అన్నాడు నాన్న. “ఇరవై ఏళ్ళ నుంచి జనరేటర్లు చూస్తన్నాడు గదా అని నమ్మి, నా కూతురు బండి చేతికిస్తే శుభమా అని బయల్దేరే వేళ చంపి పెట్టావు. ఇంక నువ్వు మా గేటు తొక్కమాక.”

“మంచి పనికి ఎవరి చెయ్యి పడితే వాళ్ళ చెయ్యి పడనిస్తారా?” అంది మా మేనత్త. ఆ మాటకు అర్థమేమిటో అక్కడున్న అందరికీ తెలుసు. మేస్త్రి గారికీ తెలుసు. ఆయన స్పానరు సంచిలో పెట్టుకుని, సైకిల్ స్టాండు తీసి, వెళ్ళిపోయారు. మేము ఇంకో కారులో మంగళగిరి వెళ్ళి దండం పెట్టుకుని వచ్చాం. పానకం కూడా తాగాను నేను.

మర్నాడు మధ్యాహ్నం నాన్న మిర్చి యార్డుకు వెళ్ళాక, ఒక్కదాన్నే కూర్చుని ఫ్యూజు తీసి, ప్లగ్గులు విప్పి, ఆయన నేర్పినట్టే మూతెడు మూతెడు ఆయిలు పోసి, బిగించాను. తెల్లటి పొగ లేచింది. బండి లేచింది. అరగంట పని. సాయంత్రం నాన్న వచ్చి, తిరుగుతున్న ఇంజను చూసి, “విజయవాడ నుంచి ఎవరినన్నా పిలిపించావా?” అన్నాడు.

“ఆ” అన్నాను.

అంతే, ఒక్క అక్షరం. దాంతో ఆటోనగర్‌లో కథ స్థిరపడిపోయింది. మేస్త్రి పాడుచేసిన బండిని విజయవాడ వాళ్ళు వచ్చి బాగుచేశారట అని. మా జనరేటర్లకు వేరే మనుషులను పెట్టారు. మమ్మల్ని చూసి ఇంకో ఇద్దరు కోల్డ్ స్టోరేజి వాళ్ళూ ఆయన్ని మానేశారు. పెద్దాయనకు చూపు ఆనడం లేదని, చెయ్యి వణుకుతోందని ఎవరికి తోచింది వాళ్ళు కలిపారు. నేను ప్రతి నెలా అనుకునేదాన్ని, ఈ ఆదివారం నాన్నకు చెప్పేస్తాను, వచ్చే వారం షెడ్డుకు వెళ్తాను అని. రెండేళ్ళు గడిచాక వెళ్తే షెడ్డుకు తాళం. వాళ్ళావిడ ఊరు పొదిలి దగ్గర పల్లెట. అక్కడికి వెళ్ళి, మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసుకుంటున్నారని పక్క షెడ్డువాళ్ళు చెప్పారు.

ఇంకో రెండేళ్ళకు, ఒక చలికాలం, గ్రైండరు వేసుకుని పొదిలి వెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు పైకి అనుకుంటూనే వెళ్ళాను. ఇంటి ముందు రేకు పందిరి, దాని కింద వరసగా స్ప్రేయర్లు, ప్రతిదానికీ రైతు పేరు రాసిన అట్టముక్క కట్టి ఉంది. ఆయన కారు చప్పుడు వినే లేచి నిలబడ్డారు. నన్ను కూడా పలకరించకుండా బానెట్ దగ్గర వంగి వాసన చూశారు. మొహం విప్పారింది.

“బాగా చూసుకుంటన్నావు. చలికి లేస్తందా?”

“లేస్తందండీ. మీరు చెప్పినట్టే చేస్తున్నాను.”

“అదే గావాల్సింది.”

ఆయన స్టూలు వేశారు. నేను కూర్చున్నాను. “మేస్త్రి గారూ, ఆ పూజ రోజు…” అని మొదలుపెట్టాను కూడా. సరిగ్గా అప్పుడే ఆయన భార్య టీ గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చింది. నా మాట విన్నట్టుంది. గ్లాసు నా చేతికిచ్చి, రెండు చేతులూ జోడించి నిలబడింది.

“అమ్మాయిగారూ, మీ బండి పాడుచేసినందుకు మనసులో ఏం పెట్టుకోమాకండమ్మా. పెద్దోడైపోయాడు, చేతుల్లో పట్టు తప్పింది. అంత మంచి రోజున అట్టా చేశాడని నేను చెప్పని రోజు లేదు. ఆయనే ఒప్పుకున్నాడు గదా, నాదే తప్పని.”

ఇంట్లో కూడా తనదే తప్పని చెప్పుకున్నారు. ఎందుకని? మా ఇంటి మీదికి ఆవిడ గొడవకు వస్తుందనా? నా పేరు నలుగురి నోళ్ళలో పడుతుందనా? ఆయన వైపు చూశాను. ఆయన ఒక స్ప్రేయరు ప్లగ్గును గుడ్డతో తుడుస్తున్నారు, తుడిచిందే తుడుస్తున్నారు. తల ఎత్తలేదు. ఆ క్షణం నా చేతిలో ఉంది. ఆవిడ జోడించిన చేతులు నా ఎదురుగా ఉన్నాయి.

నేనేమన్నానో తెలుసా? “పర్లేదమ్మా” అన్నాను.

పర్లేదట. నేను ఆయన్ని క్షమించాను. ఆయన చేయని తప్పుకు, నేను చేసిన తప్పుకు, ఆయన ఇంటి ముందు కూర్చుని, ఆయన భార్య ఇచ్చిన టీ తాగుతూ నేను ఆయన్ని క్షమించాను. రాయడానికి నాకే సిగ్గుగా ఉంది, చదివే మీకు ఎలా ఉంటుందో. వచ్చేటప్పుడు ఆయన బానెట్ మీద అరచేయి ఆనించి, “జాగర్తగా పోయిరా అమ్మా” అన్నారు. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు.

ఫోన్ వచ్చిన రోజు సమాధి కార్యక్రమానికి వెళ్ళి, వెనక నిలబడి, మట్టి వేసి వచ్చాను. ఇంటికి రాగానే నాన్నకు మొత్తం చెప్పాను. ఎనభై దగ్గర పడ్డాయి నాన్నకు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

“నేను ఆపమన్నానా? నాకు గుర్తులేదే” అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, “పోయినోడు పోయాడు, ఇప్పుడెందుకమ్మా ఇయ్యన్నీ?” అని టీవీ పెట్టుకున్నాడు. నటన కాదు. నిజంగానే గుర్తులేదు. ఆ మనిషికి పని పోయింది, పేరు పోయింది, ఊరు పోయింది. దాని తాలూకు జ్ఞాపకం కూడా మా ఇంట్లో మిగల్లేదు. నా దగ్గర తప్ప.

పోయిన శనివారం పొదిలి దగ్గర ఆ పల్లెలో ఆదరణ కూడిక పెట్టారు. మనిషి పోయిన కొన్నాళ్ళకు అయినవాళ్ళంతా చేరి, ప్రార్థన చేసుకుని, పోయినవారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుంటారు. రేకు పందిరి ముందే షామియానా వేశారు. పాస్టరుగారు, “ఇంకెవరన్నా మాట్లాడతారా?” అని అడిగారు. నేను లేచాను. నాలుగు మంచి మాటలు కాదు, నిమ్మకాయల దగ్గర నుంచి “పర్లేదమ్మా” దాకా మొత్తం చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపడం నేను చూశానని చెప్పాను. బండిని మర్నాడు బాగుచేసింది విజయవాడ వాళ్ళు కాదు, ఆయన నేర్పిన విద్య అని చెప్పాను. మా చుట్టాల ముందు అనలేకపోయింది వాళ్ళ చుట్టాల ముందు అన్నాను. తిడతారని సిద్ధపడి వెళ్ళాను, తిట్టినా బాగుండేది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. తర్వాత భోజనాలు వడ్డించారు.

ఆవిడ నా దగ్గరికి రాలేదు. నేనే వెళ్ళాను. పందిరి కింద, స్ప్రేయర్ల పక్కన, నేల మీద కూర్చుని ఉంది. నా మొహం చూడకుండానే మాట్లాడింది.

“కంచంలో అన్నం పెట్టినప్పుడల్లా అనేదాన్నమ్మా. నీ చేతులారా నువ్వే చేసుకున్నావు, మా పుట్టింటి ఊరికి తెచ్చి పడేశావు అని. ఆరేళ్ళు. ఏమీ అనేవాడు గాదు. తిని, చెయ్యి కడుక్కుని, ఇక్కడొచ్చి కూచునేవాడు.” కొంగుతో మూతి తుడుచుకుంది. “ఇప్పుడు నేనెవరితో చెప్పుకోవాలి?”

క్షమించమని అడగబోయి నోరు మూసుకున్నాను. అడిగితే ఆవిడ తలకి ఇంకో బరువు ఎత్తినట్టే అవుతుంది. నా గుండె తేలిక చేసుకోవడానికి వెళ్ళి, ఆ బరువు ఆవిడ మీద పెట్టి వచ్చానని అప్పుడు అర్థమైంది.

ఇంతలో భోజనం ముగించిన రైతు ఒకాయన మొహమాటపడుతూ వచ్చాడు. మిరప తోటకు తామర పురుగు తగిలిందనీ, తన స్ప్రేయరు అయిందో లేదో చూసుకుంటాననీ అన్నాడు. ఆవిడ లేచి, అట్టముక్కల మీద పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళి, ఒకదాన్ని బయటికి లాగింది.

“చేసే ఉంటాడు. తాడు లాగి చూసుకో.”

రైతు తాడు లాగాడు. ఒక్క లాగుకే లేచింది. నీలం పొగ చిమ్ముతూ పందిరంతా మోత. కూడికకు వచ్చినవాళ్ళు తలలు తిప్పి చూశారు. రైతు సంతోషంగా తల ఊపి, ఆపి, వీపుకు తగిలించుకోబోయాడు.

“ఉండు,” అంది ఆవిడ. “ఇంకోసారి లాగు.”

లాగాడు. ఒక్క లాగుకే లేచింది. అర్థంకాక ఆవిడ మొహంలోకి చూస్తూ ఆపాడు. ఆవిడ పొగలోనే నిలబడి ఉంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా.

“ఇంకోసారి లాగయ్యా” అంది.